రీళ్ళ పెట్టె మీద తాయారు

మా మరిది భీమారావు మీద నాకు ఫిర్యాదులేమీ లేవు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు, కాఫీ తాగిన గ్లాసు కిటికీలో మర్చిపోతాడు, మద్రాసు నుంచి వచ్చినప్పుడల్లా నా డబ్బాలో యాలకులు మాయమవుతాయి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్కటే. మా ఇంట్లో ఏ వస్తువుకి సొట్టపడినా, ఎవరి నోట ఏ మాట జారినా, కొన్నాళ్ళకి అది సినిమాలో తేలుతుంది.

మా ఇత్తడి చెంబు ఒక జమీందారు భార్య చేతిలో కనిపించింది. మా అత్తయ్య ఆవకాయ జాడీకి కట్టే గుడ్డ ముడి మీద ఒక హాస్యం సీను నడిచింది. నేను మా ఆయనతో దెబ్బలాడుతూ అన్న మాటకి హాల్లో చప్పట్లు కొట్టారు. అదే మాట ఇంట్లో అన్నప్పుడు ఒక్కరూ కొట్టలేదు.

చెంబు పోతే పోయింది. ఈసారి అతను పట్టుకెళ్ళింది నా కూతుర్ని.

ఆ కూతురు తాయారు, ఆదివారం పొద్దున్నే, ముందు గదిలో సినిమా రీళ్ళున్న రేకు పెట్టె మీద ఎక్కి కూర్చుంది. కాళ్ళకి బూట్లు వేసుకుంది. ఇస్త్రీ గౌను వేసుకుంది. జుట్టు మాత్రం భుజాల మీద చెదిరి ఉంది. వారం నుంచీ అంతే. నా చేత జడ వేయించుకోవడం లేదు.

"నేనూ తిల్దా వస్తాను. సినిమా మళ్ళీ చూడాలి," అంది. నాతో కాదు. గోడతో.

మా రాయపూర్ పక్కనున్న తిల్దా బియ్యం మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళు ఆ రోజు అక్కడ ఆట వేయించుకుంటున్నారు. కథ రాసినవాడు ఊళ్ళోనే ఉన్నాడని తెలిసి దండ కూడా పురమాయించారట. పెట్టెనీ కథకుడినీ కలిపి తీసుకెళ్ళడానికి జీపు వస్తుంది. పెట్టె మీద పిల్ల ఉంది. కథకుడు వంటింట్లో నా ఎదుట ఉన్నాడు.

"చెప్పు భీమారావూ," అన్నాను, "దాన్ని నువ్వు లేపుతావా, జీపువాళ్ళని లేపమంటావా?"

"పిల్లలు రెండు రోజుల్లో మర్చిపోతారు వదినా."

"వారమైంది."

అతను కిటికీలోని గ్లాసు తీసి, అందులో కాఫీ లేదని చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

మా ఇంటి సంగతి తెలియనివాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి భీమారావు నిక్కరు వేసుకుని బడికి వెళ్ళేవాడు. ఇద్దరు ఆడపడుచులు. పొద్దున్న లేస్తే ముగ్గురి నోటా ఒకటే కేక, వదినా వదినా అని. మా ఆయన వెంకటరత్నం వాళ్ళకి అన్నయ్య. అత్తయ్య సుభద్రమ్మ గారు అందరికీ అమ్మ. తాయారు మాటలు నేర్చింది ఆ కేకల మధ్య. అందుకని నన్ను వదినా అంది, వాళ్ళ నాన్నని అన్నయ్యా అంది, నాయనమ్మని అమ్మా అంది.

అందరం నవ్వుకున్నాం. మా పుట్టింటివైపు కూడా ఇలా పిలిచే పిల్లలు ఉన్నారు. ఇంట్లో ఒక్క అమ్మ చాలులే అని అత్తయ్య మురిసిపోయారు. బీఏ చదివి వచ్చిన నాకూ వదినా అంటే వయసు పెరగనట్టు హాయిగానే ఉండేది. ఎవరూ దిద్దలేదు.

బళ్ళో మాత్రం ఒకసారి చిక్కొచ్చింది. ఇంట్లో ఎవరెవరున్నారని టీచరు బెహన్‌జీ అడిగితే మా పిల్ల హిందీలోకి మార్చి, మా అమ్మ, మా భయ్యా, మా భాభీ అని చెప్పింది. పాపం తండ్రి లేని పిల్ల అనుకుని ఆవిడ మా ఇంటికొచ్చి ఓదార్చబోయింది. మా ఆయన ఎదురెళ్ళి నమస్తే చెప్పాడు. అప్పుడూ నవ్వుకున్నాం.

ఆ సంగతి ఉత్తరంలో రాశాను. భీమారావు అది అందుకుని మద్రాసులో ఎంత నవ్వుకున్నాడో తెలియదు గానీ, నవ్వి ఊరుకోలేదు. కథ చేశాడు.

ఆ కథలో ఒక కుర్రాడు ఉంటాడు. పెంచినావిణ్ణి వదినా అంటాడు. చూసేవాళ్ళందరూ అది పిలుపే అనుకుంటారు, ఆవిడే తల్లి అనుకుంటారు. పురుడు పోసిన నర్సు కూడా ఒట్టేసి ఆవిడ కొడుకే అంటుంది. ఆట ఆఖరికి వస్తుందనగా ఆవిడ దీపం పక్కన నిలబడి, నేను నిజంగానే నీ వదినని, నిన్ను కన్నతల్లి వేరే ఉంది బాబూ, అంటుంది.

పోయిన ఆదివారం మన ఆంధ్ర సంఘం వేసిన పొద్దుటి ఆటలో, ఆ మాట దగ్గర హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. నా ఒళ్ళో ఉన్న తాయారు తెర వైపు చూడలేదు. మెడ తిప్పి నా మొహంలోకి చూసింది.

నేను చప్పున కొంగు తీసి దాని కళ్ళకి కప్పాను. ఆట అయ్యేదాకా తియ్యలేదు. దాని కళ్ళు కప్పానో, నా మొహం దాచుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నుంచీ నన్ను వదినా అనడం మానేసింది. అమ్మా అనడం మొదలుపెట్టలేదు. అన్నం కావాలంటే, "ఇదిగో," అంటుంది. నా ఇంట్లో నేను పేరు లేని మనిషినయ్యాను.

వారమంతా ఇంట్లో ప్రతివాళ్ళూ నేరం చేసినట్టు పిల్లులలా నడిచారు. మా ఆయన సంఘం కార్యదర్శి. సినిమాని రాయపూర్ తెప్పించింది తనే, టిక్కెట్లు అంటగట్టిందీ తనే. అందుకని రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ జిలేబీ పొట్లం తెచ్చాడు. గురువారానికి ఇంట్లో చీమలు పెరిగాయి గానీ పిల్ల మారలేదు.

మొన్న పొరుగింటి శాంతమ్మ గారిని పిలిచాం. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. తాయారు పుట్టినప్పుడు పురిటి గదిలో ఉన్నది ఆవిడే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాం. ఆవిడ డ్యూటీ చీరలోనే వచ్చి, పిల్ల ముందు కూర్చుని, "దేవుని మీద ఒట్టు తాయారమ్మా, నువ్వు మీ వదినకే పుట్టావు," అంది.

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ నష్టం జరిగింది అక్కడ కాదు.

"సినిమాలో నర్సు కూడా ఇలాగే ఒట్టేసింది," అంది తాయారు.

శాంతమ్మ గారు లేచి, వరండాలో సిగరెట్టు దాచుకుంటున్న భీమారావు దగ్గరికి నేరుగా వెళ్ళింది. ఏం బాబూ, ఇన్నేళ్ళ నుంచీ నీ జ్వరాలకీ మీ వాళ్ళ పురుళ్ళకీ రాత్రీ పగలూ చూడకుండా వచ్చానే, దొంగ ఒట్టు వేసే మనిషి కావలసివస్తే నీకు నేనే దొరికానా అని అడిగింది. అది పాత్ర అండీ అన్నాడు. ఆ పాత్రకి నా కళ్ళజోడు ఎందుకు పెట్టావు అంది. అతను సిగరెట్టు చెప్పు కింద నలిపాడు.

అత్తయ్య సంగతి నిన్న తెలిసింది. పిల్ల ఆవిడ పక్కలో పడుకుని, నువ్వే నన్ను కన్నావా అని అడిగిందట. ఆవిడ కాదనలేదట. అవుననీ అనలేదట. పడుకో అన్నారట. అలా ఎందుకన్నారని నేను అడగలేదు. ఆవిడా నా కళ్ళల్లోకి చూడలేదు. పప్పులో రాళ్ళు ఏరుతూ, లేని రాళ్ళు కూడా ఏరారు.

ఇదీ ఆదివారం నాటికి మా ఇంటి స్థితి.

వంటింట్లో భీమారావు నాకు సినిమా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. మలుపు లేని కథ ఎవరూ కొనరట. నిర్మాతకి కథ చెబుతున్నప్పుడు టీ తెచ్చినవాడు కూడా కప్పు పట్టుకుని నిలబడిపోయాడట. అప్పుడే తెలిసిపోయిందట, ఇది ఆడుతుందని. సెన్సారువాళ్ళు కూడా అందరూ చూడవచ్చన్నారట.

"అందరిలో తాయారు ఉందని నీకు తెలియదా?"

"ఒక్క పిల్లని దృష్టిలో పెట్టుకుని ఎవరైనా కథ రాస్తారా వదినా?"

"నువ్వు రాశావుగా. దాన్ని దృష్టిలో పెట్టుకునేగా రాశావు."

అతను డబ్బాలోంచి ఒక యాలక్కాయ తీసి నోట్లో వేసుకున్నాడు.

నేను అడిగింది పెద్ద కోరిక కాదు. తిల్దాలో ఆట మొదలుపెట్టే ముందు దండ వేస్తారు కదా, అప్పుడు లేచి ఒక మాట చెప్పు అన్నాను. పిల్లలూ, ఇలా ఒక చోట భయం వేస్తుంది, ఇది కల్పన, మీ అమ్మలు మీ అమ్మలే అని. అక్కడ కూడా మన ఇళ్ళే. అక్కడ కూడా తల్లిని వదినా అని పిలిచే పిల్ల ఉండే ఉంటుంది.

"ముందే చెబితే మలుపు చచ్చిపోతుంది."

"చావనీ. నా కూతురు నా చేత్తో అన్నం తింటే చాలు నాకు."

మాట కాస్త గట్టిగానే వచ్చింది. ముందు గదిలో మా ఆయన పేపరు మడత పెట్టిన చప్పుడు వినిపించింది. అత్తయ్య చేతిలో చేట ఆగింది.

భీమారావు చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండా, ముందు గదిలోకి నడిచాడు. నేను దువ్వెన పట్టుకుని వెనకాలే వెళ్ళాను. దువ్వెన ఎందుకు పట్టుకున్నానో అడగకండి. వారం నుంచీ అది నా చేతిలోనే ఉంటోంది.

అతను పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ముద్దుగా, తాయారూ, అదంతా అబద్ధమమ్మా, నేనే రాశాను కాగితం మీద, అన్నాడు.

"చెంబు అబద్ధమా?" అంది తాయారు.

"ఏ చెంబు?"

"సినిమాలోది. మన చెంబే కదా. సొట్ట కూడా అక్కడే ఉంది."

"అది మనదే."

"కళ్ళజోడు శాంతమ్మ గారిది. పద, తల దువ్వుతాను అనేది..." నా వైపు చూడకుండా వేలు మాత్రం నా వైపు చూపించింది. "అది కూడా మన ఇంట్లో మాటే. అన్నీ సచ్చీవే పెట్టి, అదొక్కటే ఝూఠ్ ఎలా అవుతుంది?"

నేను బీఏలో తర్కం చదువుకున్నాను. ఆ ప్రశ్నకి మా లెక్చరరు కూడా నీళ్ళు నమిలేవాడు.

భీమారావు కథకుడు కదా, ఇంకో దారి వెతికాడు. సరే, నన్ను ఏమని పిలుస్తావు అన్నాడు. బాబాయ్ అని, అంది. బాబాయ్ అంటే నాన్నకి తమ్ముడు కదా, నేను మీ అన్నయ్యకి తమ్ముణ్ణి, అంటే మీ అన్నయ్య నీకు నాన్న అయినట్టే కదా, ఆయన పెళ్ళాం నీకు అమ్మ అయినట్టే కదా, అని వేళ్ళు మడిచి లెక్క చూపించాడు. మా ఆయన మొహం వెలిగింది. నాకూ ఒక్క క్షణం ఆశ కలిగింది.

తాయారు కూడా వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"అయితే నువ్వు కూడా నాకు బాబాయివి కాదేమో," అంది. "అన్నయ్యవేమో."

దాని గొంతులో వెటకారం లేదు. ఉన్న ఒక్క బాబాయినీ తన చేత్తో తనే తీసేసుకుని, పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఊరేగింపేదో వస్తున్నంత శ్రద్ధగా రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద ఏమీ లేదు. కాసేపటికి జీపు వచ్చింది.

జీపులోంచి పాపయ్య దిగాడు. తిల్దా మిల్లులో గుమాస్తా. ఆటకి డబ్బులు వసూలు చేసిందీ, దండ కొన్నదీ ఇతనే. రచయిత గారు సిద్ధమేనా అంటూ గుమ్మంలోకి వచ్చి, అక్కడ మా మొహాలు చూసి, చెప్పులు విడిచిన చోటే ఆగిపోయాడు.

"పెట్టె..." అన్నాడు మెల్లిగా.

నేను దువ్వెనతో పెట్టె మీది పిల్లని చూపించాను.

తాయారు మాత్రం పాపయ్యని చూసి కంగారు పడింది. పెట్టె వెళ్ళిపోతుందని దానికి అర్థమైంది. మొదటిసారి దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భీమారావు చొక్కా పట్టుకుంది.

"నన్నూ తీసుకెళ్ళు. చివర నేను చూడలేదు. కొంగు కప్పేసింది."

"ఎందుకమ్మా చివర?"

"ఆ అబ్బాయి ఏం చేశాడో చూడాలి. అదే నేనూ చెయ్యాలి కదా."

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ పిల్ల నా మీద అలిగిందనుకున్నాను. అలక కాదు. అది ఎదురుచూస్తోంది. తర్వాత ఏం చెయ్యాలో ఎవరైనా చెబుతారని.

చివర ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయనకి తెలుసు. కుర్రాడు కన్నతల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతాడు. వదిన గుమ్మంలో నిలబడి చూస్తుంది. కుర్రాడు వెనక్కి తిరగడు. తిరగకపోవడం చాలా గొప్పగా ఉందని సంఘంలో అందరూ మెచ్చుకున్నారు.

"బాబాయ్, చివర ఏమవుతుంది?"

ఈ ప్రశ్నకి భీమారావు దగ్గర ఒక జవాబు ఎప్పుడూ ఉంటుంది. తెర మీద చూడాలి, అంటాడు. అత్తయ్య అడిగినా అదే చెప్పాడు. ఆ జవాబు చెబుతాడేమో అనుకున్నాను.

అతను నేల మీద చతికిలబడ్డాడు.

"చివర... ఆ కుర్రాడు..." అన్నాడు. ఆగాడు. "ఆ కుర్రాడేమో..."

నా వైపు చూశాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక ఇలాగే చూసేవాడు. నేను వెనకనుంచి పెదాలు కదిపి అందించేదాన్ని. ఈసారి అందించలేదు. దువ్వెన పళ్ళు అరచేతిలో గుచ్చుకునేలా పట్టుకుని ఊరుకున్నాను.

ఎంతమందిని ఏడిపించిన చివరో అది. రాసినవాడు ఒక్క పిల్లకి నోటితో చెప్పలేకపోయాడు.

బయట జీపు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. పాపయ్య వెనక్కి తిరిగి చెయ్యి ఊపి ఆపాడు.

"వదినా," అన్నాడు భీమారావు. ఆ మాట వినగానే తాయారు ఉలిక్కిపడింది. అది అతను చూశాడు. అందరం చూశాం. "నీకొక సంగతి చెప్పలేదు."

"చెప్పు."

"ఆ రోజు హాల్లో నేను తెర చూడలేదు. పక్క గోడకి ఆనుకుని జనాన్ని చూస్తున్నాను. మలుపు దగ్గర ఎవరెవరు ఎలా అవుతారో చూడటం నాకు అలవాటు. అప్పుడు తాయారు నీ మొహంలోకి చూసింది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి?"

అతను పెట్టె మీద అంటించిన చీటీ వైపు చూశాడు. దాని మీద సినిమా పేరు ఉంది.

"సంతోషించాను. సీను పండింది అనుకున్నాను."

మా ఆయన కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, చేతిలో చేటతోనే. కన్నకొడుకుని ఆవిడ అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. కోపం కాదు. పిల్లతో తనన్న పడుకో అనే మాట తనకే గుర్తొచ్చినట్టు చూశారు.

నాకు అతన్ని కొట్టాలనిపించింది. కొట్టి, అన్నం పెట్టాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

తాయారు చొక్కా వదిలేసింది. కోపంగా కాదు. లెక్క తప్పిన పలక తుడిచినట్టు, చెయ్యి గౌనుకి రాసుకుంది.

"నాకు భయమేసిందని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి లేచి ఎందుకు రాలేదు?"

మద్రాసులో అయితే దీనికి ఏదో ఒక డైలాగు రాసేవాడు. వర్షం కూడా కురిపించేవాడు. మా ముందు గదిలో వర్షం లేదు. చీమలు పట్టిన జిలేబీ పొట్లం, గుమ్మంలోనే ఆగిన పాపయ్య, కదలని రీళ్ళ పెట్టె ఉన్నాయి.

భీమారావు తలెత్తాడు. అరవలేదు. కానీ గుమ్మంలో ఉన్న పాపయ్యకీ, ఆవల గోడ దగ్గర నిలబడి వింటున్న శాంతమ్మ గారికీ, అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"తప్పు చేశాను తాయారూ. నిన్ను చూసి కూడా నిలబడిపోవడం తప్పు. ఆ చివర రాయడమూ తప్పే."